కరక్కాయ పాకం

దగ్గు వచ్చినప్పుడల్లా మా ఆవిడ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమంటుంది. ఈ ఉదయమూ పెట్టుకున్నాను. ఆ వగరుకు నాలుక ముడుచుకుపోగానే చిత్తూరు శివార్లలోని పొడుగాటి రేకుల షెడ్డు, అందులో చెక్కతొట్టెలు, వాటి మధ్య చెంగు బొడ్లో దోపుకుని తిరిగే రాజమ్మగారు కళ్ల ముందుకు వచ్చారు. భర్త పోయాక ఆ కార్ఖానాను ఒంటిచేత్తో నడిపిన మనిషి. కొండల్లో ఏరిన కరక్కాయలు కొని, నలగ్గొట్టి, తొట్టెల్లో నానబెట్టి, ఆ రసాన్ని రాగి గంగాళాల్లో చిక్కటి పాకంగా కాచి పీపాల్లో నింపేవారు. తోళ్లు పదును చేయడానికి పనికొచ్చే సరుకది.

యుద్ధకాలంలో బీయెస్సీ పట్టా చేత పట్టుకుని అక్కడ చేరాను. తిరుపతిలో మా నాయనకు అది బొత్తిగా నచ్చలేదు. తోళ్ల వాళ్లకు కషాయం కాచే ఉద్యోగమా అని నలుగురిలో తలవంపుగా ఉందన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే ఉండేది. సబ్బో సిరానో చేస్తే డబ్బా మీద పేరైనా ఉంటుంది. మొదటి వారంలోనే, ఇక్కడ పూర్తిగా తయారయ్యేదేమిటని రాజమ్మగారిని కాస్త పొగరుగానే అడిగాను. ఆవిడ కోప్పడలేదు.

"కొండలో కాయ ఏరేవాళ్లకు మద్రాసు తెలీదు. మద్రాసులో తోలు వాళ్లకు కొండ తెలీదు. నడిమధ్యలో మనముండాము. మనది సగం పనే అప్పా. ఆ సగం మాత్రం నిండుగా ఉండల్ల," అన్నారు.

ఆ మాట నాకప్పుడు చెవికెక్కలేదు. ఎక్కించింది మద్రాసు బేరమే. అక్కడి పెద్ద తోళ్ల కర్మాగారం అంతవరకూ పై దేశాల నుంచి ఓడల్లో వచ్చే పాకం వాడేది. యుద్ధంతో ఆ ఓడలు ఆగిపోయేసరికి మా గుమ్మం తొక్కింది. పంపిన నమూనా నచ్చింది. మొదటి పీపాలూ అలాగే ఉండి, గడువులోగా రైలెక్కితే ఏడాది పొడుగునా కొంటామన్నారు. లేకపోతే షెడ్డు మూసెయ్యడమేనని రాజమ్మగారు దాచకుండా చెప్పారు. ఇరవై కుటుంబాలు ఆ పొయ్యిల మీదే బతుకుతున్నాయి. మద్రాసు మనిషి స్వయంగా వచ్చి, తొట్టెలో తేనె రంగు రసాన్ని చూసి తెగ మెచ్చుకుని వెళ్లాడు.

మర్నాడు ఉదయానికి ఆ తొట్టె నల్లగా మారిపోయింది. నీళ్లు పరీక్షించాను, కాయల్ని తిట్టాను, పుస్తకాలన్నీ తిరగేశాను. రాజమ్మగారు తెల్లగుడ్డ ముంచి తీసి, వెలుతురులో చూసి నా వైపు తిరిగారు.

"బళ్లో సిరా ఎట్ల చేస్తారప్పా, బీయెస్సీ?"

కరక్కాయ కషాయంలో అన్నభేది వేసి. అన్నభేది అంటే ఇనుప లవణం. బడిపిల్లలకు తెలిసిన సంగతి నా పట్టాకు తట్టలేదు. తొట్టె ఖాళీ చేయిస్తే అడుగున గుప్పెడు ఇనుప మేకులు! తొట్టెలు చూసుకునే మునెమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"ఆయప్ప అంతగా పొగిడినాడు గదమ్మా. దిష్టి తగలకుండా నేనే వేసినాను. ఒకటి చాలదనుకున్నాను," అంది.

నేను నోరు చేసుకోబోయాను. రాజమ్మగారు చేయెత్తి ఆపారు. ఇనుము తగలకూడదని చెప్పామే గానీ ఎందుకో చెప్పలేదు కాబట్టి తప్పు మనదేనన్నారు. దిష్టికి నిమ్మకాయలు గుమ్మానికి కట్టమన్నారు. పాడైన రసాన్ని పారబోయనివ్వక సీసాల్లో నింపించి చుట్టుపక్కల బళ్లకు సిరాగా పంచేశారు. ఎందుకు తగలకూడదో అందరికీ చెప్పే పని మాత్రం నాకు పడింది. తొట్టె తోమి కొత్త కాయలు నానబెట్టాం. పది రోజులు మునెమ్మ దాని పక్క నుంచి కదల్లేదు. గడువుకు ఒక రోజు ముందే పీపాలు రైలెక్కాయి.

సరుకు బాగుంది, ఏడాదంతా పంపండి అని తంతి వచ్చింది. షెడ్డంతా హోరెత్తింది. రాజమ్మగారు మునెమ్మ చేతే కొబ్బరికాయ కొట్టించారు. నాకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది, దాచుకోలేదు.

కొన్ని నెలలకు మద్రాసు వాళ్లు మా పాకంతో పదును చేసిన తోలు ముక్క ఒకటి పంపారు. గోధుమ రంగులో నిగనిగలాడుతోంది. అలాంటివి ఏ దేశాలు పోతాయో, ఎవరి కాళ్లకు బూట్లవుతాయో మాకు తెలియదు. దీని మీద మన పేరెక్కడుందండీ అని నిట్టూర్చాను. ఆవిడ ఆ ముక్క అంచు నాలుక మీద పెట్టుకుని చూశారు. తరువాత నాకందించారు.

"నాలిక మీద పెట్టి సూడు. మనం ఈడనే ఉండాము."

తోలు నోట పెట్టుకోవడమా అని ఒక్క క్షణం మా నాయన ముఖం మెదిలింది. అయినా పెట్టుకున్నాను. అదే కరక్కాయ వగరు.

ఆ తరువాత నా ఉద్యోగమంతా అలాంటి సగం పనుల్లోనే గడిచింది. నేను చేసిన పొడులు ఎవరి మందుల్లోనో, ఎవరి రంగుల్లోనో కలిసిపోయాయి. ఏ డబ్బా మీదా నా పేరు లేదు, ఆ బాధా లేదు. కరక్కాయ ముక్క బుగ్గన నానుతోంది. దగ్గు తగ్గిందా అని మా ఆవిడ అడుగుతోంది. తగ్గింది గానీ, ఉమ్మెయ్యబుద్ధి కావడం లేదు.