రూబెన్‌కు నేను చదివి వినిపించిన పేజీ

ఇన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. రక్తం, కత్తులు ఉన్న కథ కాదిది. నేను ఒక పుస్తకాన్ని తెలుగు చేశాను. అంతే. చెయ్యకూడని పని అని చేస్తున్నప్పుడే నాకు తెలుసు. తెలియక చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇవాళ ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఐటీ జోరుగా ఉన్న రోజుల్లో గుంటూరు నుంచి సింగపూర్ వచ్చాను. టోవా పాయోలో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్. వారమంతా ఆఫీసు, సెలవు రోజుల్లో నా సొంత వెబ్‌సైటు. అప్పట్లో తెలుగు చదవాలంటే ఒక్కో సైటుకి ఒక్కో ఫాంటు దింపుకోవాల్సి వచ్చేది. నా ఫాంటు నేనే తయారు చేసుకున్నాను. వంటలు, జోకులు, చిన్న కథలు పెట్టేదాన్ని. "మీ తెలుగు చదువుతుంటే మా ఇంట్లో కూర్చున్నట్టుందండీ" అని ఎక్కడెక్కడి నుంచో మెయిల్స్ వచ్చేవి. ఉబ్బి తబ్బిబ్బయ్యేదాన్ని.

తర్వాత డాట్‌కామ్ కంపెనీలు వరసగా మూతపడ్డాయి. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే పాసు రద్దు, పాసు రద్దయితే పెట్టె సర్దుకోవడమే. అందరికీ ఎవరినో ఒకరిని తిట్టాలని ఉంది. సరిగ్గా అప్పుడు ఎవరో నాకు ఇంగ్లీషు పుస్తకమొకటి మెయిల్లో పంపారు. లోకంలో జరిగే చెడంతా యూదులు చాటుగా కూర్చుని నడిపిస్తున్నారని అందులో రాసుంది. వాళ్ళ రహస్య సమావేశాల్లో అనుకున్న మాటలట. అదంతా కల్పన అనీ, ఎవరో అల్లిన దొంగ రాత అనీ ఏనాడో తేలిపోయింది. ఆ సంగతి ఇప్పుడు తెలుసుకున్నది కాదు. అప్పుడే నెట్‌లో వెతికాను, దొరికింది, చదివాను. చదివి ఆ పేజీ మూసేశాను.

ఎందుకు? నా సైటుకి జనం వస్తారని. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. లేదు.

ఆ పుస్తకం ఇంగ్లీషులో పరమ చప్పగా ఉంటుంది. నేను దానికి తాలింపు పెట్టాను. వారానికో భాగం, అరుగు మీద కబుర్లలా. మా అమ్మమ్మ గిట్టనివాళ్ళని దెప్పిపొడవడానికి వాడే మాటలు కొన్ని ఉండేవి, వింటే నవ్వాగదు. ఎప్పుడూ చూడని జనం మీద ఆ మాటలన్నీ వాడాను. నా బిర్యానీ పేజీకి కూడా రానంతమంది దానికి వచ్చారు.

కొన్నాళ్ళకి, సర్వర్ అద్దెకిచ్చిన ఇక్కడి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఎవరో ఫిర్యాదు చేశారట. జాతుల మధ్య, మతాల మధ్య ద్వేషం రేపే రాతలు ఈ దేశంలో నేరం, వెంటనే తీసెయ్యండి అని. బుద్ధున్న మనిషైతే అక్కడితో చెరిపేసి ఊరుకునేది. నేను స్నేహితుల్ని వాకబు చేశాను, ఏ దేశంలో ఏ చట్టం ఉందని. జర్మనీలో ఉన్న స్నేహితురాలు బెదిరిపోయింది. ఇక్కడైతే పోలీసులు ఇంటికొస్తారు, జైలు కూడా పడొచ్చు, నా పేరెత్తకు తల్లీ అంది. కెనడాలో కావాలని ద్వేషాన్ని ప్రచారం చేస్తే కేసవుతుందట, అచ్చు పుస్తకమైతే సరిహద్దులోనే ఆపేస్తారట. మన దేశంలోనూ చట్టం ఉంది. కానీ తెలుగులో రాసిన దాని మీద ఫిర్యాదు ఇచ్చేదెవరు? న్యూజెర్సీలో ఉన్న స్నేహితురాలు మాత్రం పకపకా నవ్వింది. ఇక్కడ ఇలాంటివి చదివి గవర్నమెంటు పళ్ళు కొరుక్కోవాల్సిందే గానీ ఆపలేదే, రాజ్యాంగం ఒప్పుకోదు, మా దగ్గర పెట్టెయ్ అంది.

చీరల కొట్లు తిరిగినట్టు దేశాల చట్టాలన్నీ తిరిగాను. నాకు కావలసింది అమెరికాలో దొరికింది. ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని మొత్తం అక్కడి సర్వర్‌కి మార్చేశాను. చట్టం ఒప్పుకున్నాక ఇంక తప్పేముంది అనుకున్నాను. ఆ చట్టం నేను చేసింది మంచి పని అనలేదని, శిక్షించను అని మాత్రమే అన్నదని, మంచీ చెడూ తేల్చుకునే పని నాకే వదిలేసిందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నాకు వదిలేస్తే నేనేం చేశానో చూశారుగా.

తెలుగు చదివే యూదుడు భూమ్మీద ఎక్కడుంటాడులే అని కూడా అనుకున్నాను. మా గుంటూరు వైపే, తెలుగే ఇంటి భాషగా, తాము యూదులమని చెప్పుకునే కుటుంబాలు కొన్ని ఉన్నాయని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ ఫిర్యాదు చేసింది ఎవరో నాకు నేటికీ తెలియదు.

అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు.

మా టీమ్‌లో రూబెన్ అని టెస్టర్ ఉండేవాడు. సింగపూర్‌లోనే పుట్టాడు, ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర 'లాహ్' తగిలించేవాడు. వాళ్ళ ముత్తాత బాగ్దాద్ నుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. యూదుడు. శుక్రవారం సాయంత్రం పొద్దువాలకముందే ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. మేం భోంచేసే హాకర్ సెంటర్లో నాకోసం టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసేవాడు, అంటే ఇంకెవరూ కూర్చోకుండా పట్టి ఉంచేవాడు. మనుషుల్ని తీసేస్తున్నప్పుడు నా పేరు కూడా జాబితాలో ఉంటే, మేనేజర్‌తో పోట్లాడి తీయించాడు. ఒకరోజు లంచ్ టైములో నా కంప్యూటర్లో ఆ పేజీ తెరిచి ఉంది. వెనకనుంచి వచ్చి చూశాడు.

"ఇదేనా నీ సైటు? అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో! ఏంటిది?"

"కథ."

"కొంచెం చదువు లాహ్. అర్థం కాకపోయినా పర్లేదు, వినాలనుంది."

వంటల పేజీ తెరవొచ్చు. ఉప్మా ఎలా చెయ్యాలో చదివినా అతనికి తేడా తెలియదు. ఎందుకు తెరవలేదు? తత్తరపాటా? కాదు. నా రాత మీద నాకున్న మురిపెం. దాన్ని ఎవరికైనా వినిపించాలని ఉంది. చదివాను. విరుపులతో, రాగం తీస్తూ, అతని వాళ్ళ మీద నేను పేర్చిన దెప్పుళ్ళన్నీ అతని ముందే చదివాను. అతను కళ్ళు మూసుకుని విన్నాడు.

"పాటలా ఉంది. ఎవరు రాశారు?"

"ఎవరో పాతకాలం ఆయన."

"వెరీ గుడ్ లాహ్, ఆ అంకుల్!" అని చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత భోజనానికి వెళ్ళాం. కలిసే తిన్నాం.

కొన్ని నెలలకి సైటు మూసేశాను. కానీ అప్పటికే జనం ఆ భాగాలన్నీ దింపుకున్నారు. పోయిన నెల మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా బావగారు ఒక మెసేజ్ పెట్టారు, "ఎవడో గానీ కళ్ళు తెరిపించాడు" అంటూ. మొదటి వాక్యంలోనే మా అమ్మమ్మ మాట. రాసింది నేనే, అదంతా పచ్చి అబద్ధం, ఎవరికీ పంపకండి అని జవాబిచ్చాను. బావగారు నవ్వే బొమ్మ పెట్టారు. వేళాకోళం అనుకున్నారు.

నన్ను నమ్మే మనిషికి చెప్పాలనిపించింది. అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. ఇన్నేళ్ళ స్నేహం పోతుందని తెలిసే, ఇప్పుడు నేనుండే పుంగ్గోల్‌లో రైలెక్కి రూబెన్ ఉండే వుడ్‌ల్యాండ్స్‌కి వెళ్ళాను. కాఫీ షాపులో కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆ రోజు చదివింది ఏమిటో కూడా చెప్పాను. అతను ఒక్క ప్రశ్నే అడిగాడు, అది ఇంకా తిరుగుతోందా అని. తిరుగుతోంది, ఆపడం నా చేతుల్లో లేదు అన్నాను. తల ఊపాడు. కాఫీ సగంలో వదిలేసి, ఇంట్లో పనుందని లేచి వెళ్ళిపోయాడు. క్షమించాననలేదు. నేనూ అడగలేదు. ఆ తర్వాత ఫోను లేదు.

అతను వెళ్ళాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఆకలేసింది. తిన్నాను. ఏళ్ళ తరబడి అతని పక్కన కూర్చుని తిన్న ఏ భోజనమూ అంత రుచిగా లేదు. నా బరువు తీసి అతని మీద పడేసి వచ్చానా? బహుశా అంతే. ఇప్పుడు అతనికి నిద్ర పడుతోందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం పడుతోంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా హాయిగానే ఉంది.