అంకుల్ విమానానికి కొబ్బరికాయ

ఆ రోజుల్లో కెనడాలోని మిస్సిసాగాలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మనవాడే తీసేవాడు. అందరూ కంప్యూటర్లూ, బిజినెస్సూ చదువుతుంటే నేనొక్కణ్ణే విమానాల రిపేరు కోర్సులో చేరాను. (అందులో విమానం నడపడం నేర్పరని ఫీజు కట్టాకే తెలిసింది.) ఒక్క సెమిస్టర్ పూర్తయ్యేసరికి కార్బన్ ఫైబర్ గురించి కనిపించిన వాళ్లందరికీ ఉపన్యాసాలు దంచుతున్నాను. ఆ కీర్తి కాస్తా పై అంతస్తులో ఉండే ఇంటి ఓనర్ అంకుల్ చెవిన పడింది. ఆయనకు సాఫ్ట్‌వేర్ సంపాదన, ఆంటీ చేతి వంట, కొత్తగా పైలట్ లైసెన్సు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా విమానం. అదీ కొన్నారు, రెండు సీట్లది, సెకండ్ హ్యాండ్‌ది.

మొదటిసారి ఆంటీని ఎక్కించుకునే ముందు వాహన పూజ చేయాలన్నారు. "మన ఇంజనీర్" హోదాలో నన్నూ ఊరి బయటి చిన్న ఎయిర్‌ఫీల్డ్‌కు తీసుకెళ్లారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. కర్పూరం వెలిగించబోతే "పెట్రోలుంది అంకుల్!" అని లాక్కున్నాను. అంతటితో విమాన భద్రతకు నేను చేయవలసిందంతా చేసేశాననుకుని ఫోన్లో వీడియో మొదలుపెట్టాను. అంకుల్ కొబ్బరికాయ పట్టుకుని విమానానికి భక్తిగా దిష్టి తీస్తున్నారు. పసుపు రాసిన తడికాయ చేతిలోంచి జారి, రెక్క మీద పడి, కిందికి దొర్లింది.

కాయ పగల్లేదు. రెక్క మీద గీతా పడలేదు. కాయ పగలనందుకు అంకుల్‌కు బెంగ, గీత పడనందుకు నాకు బెంగ. రేకు విమానమైతే సొట్ట పడి దెబ్బ తగిలిందని చెబుతుంది. ఇదేమో కార్బన్ ఫైబర్, అంటే గుడ్డలాంటి పొరల్ని జిగురుతో అతికించి గట్టిపరిచిన రెక్క. పైకి నున్నగా ఉంటూనే లోపల పొరలు విడిపోవచ్చు, గాల్లోకి వెళ్లాక అక్కడే విరగనూవచ్చు. జేబులోంచి డాలర్ బిళ్ళ తీసి రెక్కంతా కొట్టుకుంటూ వెళ్లాను. అంతటా టక్ టక్‌మంటోంది. కాయ పడినచోట మాత్రం మొద్దుగా "దబ్" అంది.

"ఎక్కొద్దు అంకుల్."

"ఏమయ్యా, స్టీలు కంటే గట్టిదని నువ్వేగా నెల నుంచీ ఊదరగొడుతున్నావ్?"

"గట్టిదే అంకుల్. కానీ లోపల ఊడినట్టుంది. మెకానిక్ చెక్ చేసేదాకా వద్దు."

"చదివింది ఒక్క సెమిస్టర్! నువ్వెక్కవే, వీడి మాటలకేం."

"నేనెక్కను," అంది ఆంటీ, "వాడి మొహం చూడండి, ఎలా పాలిపోయిందో!" అని గడ్డిలో కూర్చుని పులిహోర డబ్బా మూత తీసింది.

పాలిపోదా మరి! రెక్క బాగుందని తేలితే నా రూమ్ పోతుంది. బాగాలేదని తెలిసీ నోరు మూసుకుంటే వీళ్లిద్దరూ పోతారు.

మర్నాడు మెకానిక్ వచ్చి చూశాడు. కాయ దెబ్బ చిన్నదే. దాని పక్కనే రంగు కింద ఎవరో ఎప్పుడో చేసిన నాసిరకం అతుకు బయటపడింది, చాలా దూరం విడిపోయి ఉంది. దీంతో ఎగిరి ఉంటే ఏమయ్యేదో అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఎలా కనిపెట్టారని అడిగితే అంకుల్ తడుముకోకుండా "కొబ్బరికాయ" అన్నారు. ఇప్పటికీ ఆ కథ చెప్పినప్పుడల్లా దేవుడే కాయ రూపంలో వచ్చాడంటారు. (అందులో నేను వీడియో తీసిన కుర్రాణ్ణి.) ఆంటీ మాత్రం నాకు ఇంకో గరిటె పులిహోర వడ్డిస్తుంది.

ఇప్పుడు విమానాల రెక్కలు చెక్ చేయడమే నా ఉద్యోగం. ఒక రెక్క బాగాలేదని చెప్పాలంటే నాకు లైసెన్సు కావాలి, యంత్రాలు కావాలి, పక్కవాడి రెండో అభిప్రాయం కావాలి. ఒక్క సెమిస్టర్ చదువుతో ఇంటి ఓనర్‌కే వద్దని చెప్పిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. నిజం చెప్పాలంటే, వాడి ధైర్యం తలచుకుంటే కొంచెం కుళ్లుగా కూడా ఉంటుంది.