చెయ్యి వెనక్కి

“దీంతో క్రిములు చస్తాయి సరే, పాప కణాలు కూడా చచ్చిపోతే?”

డ్రెస్సింగ్ గదిలోకి అడుగుపెడుతూనే నర్సుతో నేనన్న మాట అది. చంకలో మా పాప. దాని చేతి మీద వేడి టీ ఒలికి అయిన పుండు చుట్టూతా మానింది కానీ, మధ్యలో కొంత జాగా మాత్రం మొండికేసింది. చల్లని ప్లాస్మా పెట్టించమని డాక్టరు రాశారు.

నేను చదివింది జీవశాస్త్రం. ఆ చదువు నాకు ధైర్యం ఇవ్వలేదు, భయాలకు పేర్లు మాత్రం ఇచ్చింది. ఈ ప్లాస్మా రక్తంలోది కాదనీ, వాయువులోకి విద్యుత్తు పంపితే పుట్టే ఊదారంగు వెలుగనీ, అది తాకినా కాలదనీ, దాంతోపాటు తయారయ్యే చురుకైన ఆక్సిజన్, నైట్రోజన్ పదార్థాలు క్రిములను చంపుతాయనీ నాకు తెలుసు. మోతాదు మించితే అవే బతికున్న చర్మ కణాల్లోని డీఎన్ఏను తెంపగలవనీ తెలుసు. నిద్ర పోగొట్టుకోవడానికి ఓ తండ్రికి అంత తెలిస్తే చాలు.

నర్సు పెన్నులాంటి పరికరాన్ని ముందు తన మణికట్టు మీద పట్టుకుంది. అది బుస్సుమంది. “చూశావా బంగారం, నన్నేం కరవలేదు,” అని పాప వైపు తిరిగింది. అక్కడికొచ్చే పిల్లలంతా ఆమెను బుస్సత్త అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు నాకు కనపడలేదు.

తర్వాత దాన్ని పాప పుండు మీద ఆడించింది. టైమరు కూత పెట్టగానే పరికరాన్ని పక్కన పెట్టేసి, ఆ చేతిని నడుము వెనక్కి పెట్టుకుంది. పాపకు అదేదో ఆటలా తోచింది. అది కూడా తన బాగున్న చేతిని వెనక్కి దాచేసింది. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ ఇద్దరిదీ అదే తంతు.

వెళ్తూ వస్తూ ఉండగా ఆమె సంగతులు కొన్ని తెలిశాయి. చిన్నప్పుడే ఆ ఆసుపత్రిలో దూది ఉండలు చుట్టే పనికి చేరి, తర్వాత నర్సింగు చదివింది. తల్లి అక్కడే దుప్పట్లు ఉతికేది. తల్లీకూతుళ్లది వెనకవైపు ఒక్క గది కాపురం. పెళ్లి మాట అడిగిన వాళ్లకు, పెళ్లిచూపులకొచ్చిన వాళ్లందరికీ తనకంటే ముందు తన చేతుల మందు వాసనే పరిచయమైందని చెప్పి నవ్వించేది.

కొన్ని వారాలకు పుండు అంచున లేత గులాబీరంగు గీత కనిపించింది. కొత్త చర్మం లోపలికి పాకుతోంది. నా భయం కాస్తా అత్యాశగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

“బాగా పనిచేస్తోంది కదా సిస్టర్. ఇంకొక్కసారి పెట్టండి.”

అప్పుడే టైమరు కూసింది. ఆమె చెయ్యి వెనక్కి వెళ్లింది. పాపకు కట్టు కట్టడం పూర్తిచేసింది. తర్వాత స్టూలు మీద కూర్చుంది.

“మా అమ్మకి నేను అలాగే పెట్టాను, నాన్నా.”

తల్లికి చక్కెర జబ్బు. మడమ మీద పుండు. ఆ యంత్రం ఆసుపత్రికి కొత్తగా వచ్చిన రోజులవి. మొదట్లో తల్లి పుండుకూ ఇలాంటి గులాబీ అంచే వచ్చిందట. ఆ సంతోషంలో, సాయంత్రం రోగులంతా వెళ్లిపోయాక, తల్లిని మళ్లీ బల్ల మీద పడుకోబెట్టేది. కూత పడితే మళ్లీ నొక్కేది. నొప్పి పుడితే ఆ తల్లి చెప్పేదే, కానీ జబ్బు వల్ల పాదంలో స్పర్శ ఎప్పుడో పోయింది. గులాబీ అంచు తెల్లబడింది, తర్వాత ఎండిపోయింది. కుళ్లు ఎముకను పట్టింది. పాదం తీసేశారు. ఆ మంచం మీంచి ఆవిడ మళ్లీ లేవలేదు.

చక్కెర ఒక్కటే చాలు అంత పని చెయ్యడానికి, నీ తప్పేం లేదు అన్నారట డాక్టరు. “మంచాయన. అలాగే అంటాడు,” అంది.

“అమ్మ ఆఖరిదాకా పక్క మంచాలవాళ్లతో ఒకటే మాట, మా అమ్మాయిది మంచి హస్తవాసి అని. నేనేం చేశానో చెప్పడానికి నాకు నోరు రాలేదు. వింటూ కూర్చున్నాను.”

మోతాదు కొద్దిగా ఉంటే చర్మ కణాలు మేలుకుని విభజన చెందుతాయి, ముందుకు జరుగుతాయి. మించితే దెబ్బతిని తమంతట తాము రాలిపోతాయి. పుస్తకాల్లో దీన్ని ఒక గీతగా గీస్తారు: కొంతదూరం పైకెళ్లి కిందికి వంగుతుంది. పరీక్షల్లో ఆ గీతను నేను చాలాసార్లు గీశాను. ఆ వంపు దగ్గర ఒక మనిషి పాదం ఉండొచ్చని ఎప్పుడూ తట్టలేదు.

ఇంకోసారి పెట్టమని నేను మళ్లీ అడగలేదు.

పుండు పూర్తిగా మూసుకున్నాక చూపించడానికి ముగ్గురం వెళ్లాం. మా ఆవిడ ఆ గదికి రావడం అదే మొదలు. మీ హస్తవాసి మంచిదండీ అని నిండు మనసుతో అంది. తనకు తెలీదు. ఆపేలోపే మాట వచ్చేసింది. బుస్సత్త నవ్వింది. ముఖం పక్కకు తిప్పుకుని, అప్పటికే మడతపెట్టి ఉన్న గాజుగుడ్డను విప్పి మళ్లీ మడతపెట్టింది.

ఆ ఇబ్బందిని కప్పిపుచ్చడానికి నేను ప్రశ్నలు మొదలెట్టాను. మచ్చకు ఇంకేమన్నా రాయాలా? ఇంకో డాక్టరుకు చూపిస్తే మంచిదా? రోజూ ఎన్నిసార్లు చూసుకుంటూ ఉండాలి?

ఆమె పాప చేతిని చూసింది. తాకలేదు.

ఇప్పుడు పాప మెట్లు తనే ఎక్కుతానంటుంది. రెయిలింగు పట్టుకోవడం నేర్పాను, బూట్ల లేసులు బిగించాను. ఇక దాని వెనక ఒక మెట్టు కింద నిలబడతాను, రెండు చేతులూ నడుము వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని. ఆ రోజు బుస్సత్త నాతో అన్నది ఇంతే.

“చెయ్యాల్సింది చేసేశావు, నాన్నా. ఇక చెయ్యి వెనక్కి పెట్టుకో. మిగతాది దాని చర్మం చూసుకుంటుంది.”