వేడి జిగురు తగిలినా నొప్పి లేని వేలు

ఆ రోజు వేలు కాలితే నేను ఏడవలేదు, మురిసిపోయాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

తమిళనాడు కోవిల్‌పట్టిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని బొమ్మరిళ్లకు వేలాడే ఆకుల తీగలు చేస్తాను. పాత మోటారులోంచి తీసిన సన్నని రాగితీగకు పచ్చకాగితం చుట్టి, నువ్వుగింజంత ఆకులు అంటిస్తాను. మందు అంటించని అగ్గిపుల్లలతో పందిరి కడతాను. కుండీ చింతగింజ కన్నా చిన్నది. విరుదునగర్‌లో ఒక రిటైరైన టీచరమ్మ బొమ్మరిళ్లు కడతారు. వాటి బాల్కనీలన్నిటికీ నా తీగలే.

ఆ మధ్యాహ్నం గ్లూ గన్ నుంచి వేడి జిగురు ఎడమ చిటికెన వేలి మీద పడింది. నాకు తెలియలేదు. సాయంత్రం బియ్యం కడుగుతుంటే బొబ్బ కనిపించింది. అమ్మకు చూపించాను. అమ్మ ఇరవై ఏళ్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు నింపిన మనిషి. ఒక్కోసారి పెట్టె చేతిలోనే గుప్పుమంటే అరచేత్తో నొక్కి ఆర్పేసి, ఇంకో పెట్టె అందుకునేదట.

"సెయ్యి కాయలు కాసిపొయ్యింది పాపా," అంది. "ఇంక నీకు ఏ పనైనా వొస్తాది. నా సెయ్యీ అట్లానే కదా."

అమ్మ నోట ఆ మాట రావడమంటే మాటలా! ఆ రోజు నుంచి జిగురు చల్లారేదాకా ఆగడం మానేశాను.

మోచేతి కింద నాణెమంత తెల్లమచ్చ ఉండేది. అక్కడ చెమట పట్టేది కాదు. ఎండకు వచ్చిందనుకుని కొబ్బరినూనె రాశాను. కొన్నాళ్లకు చిటికెన వేలు పక్క వేలితో కలవడం మానేసింది. కుండీలు జారిపోయేవి, ఆకులు వంకరగా అతుక్కునేవి. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాను గానీ చేతిని అనుమానించలేదు.

సరుకు ఇవ్వడానికి వెళ్లిన రోజు టీచరమ్మ తీగల కన్నా ముందు నా వేలు చూశారు.

"ఇది కాలిన పుండు, చీము పట్టింది. నీకు నొప్పి తెలియడం లేదా?" అన్నారు తమిళంలో.

"పనిచేసే చెయ్యి కదా టీచర్," అన్నాను గర్వంగా. ఆవిడ నవ్వలేదు. వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు.

డాక్టరుగారు నన్ను కళ్లు మూసుకోమన్నారు. దూది ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించమన్నారు. కూర్చున్నాను. ఎంతకీ ఏమీ తగల్లేదు.

"మొదలుపెట్టండి సార్," అన్నాను.

"ఐదుసార్లు తాకించానమ్మా."

కళ్లు తెరిచి చేతి వైపు చూసుకున్నాను. ఆయన మోచేతి లోపలివైపు వేళ్లతో తడిమి, "అల్నార్ నర్వ్ లావెక్కింది," అని నర్సుకు చెప్పారు. చిటికెన వేలికి పోయే నరమట అది. పరీక్షకు చర్మాన్ని కొద్దిగా గీరి స్కిన్ స్మియర్ తీశారు. రిపోర్టు వచ్చాక తలుపు దగ్గరగా వేసి చెప్పారు. "లెప్రసీ, కుష్ఠు. ఎమ్‌డీటీ మాత్రలు పన్నెండు నెలలు వాడాలి. జబ్బు పూర్తిగా నయమవుతుంది. పోయిన స్పర్శ ఎంత తిరిగి వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను."

ఆ చివరి మాట ఒక్కటే నా చెవిలో పడింది. నా వేళ్లు పోతే నాకు పని లేదు, పని లేకపోతే నేను లేను. ఆ వెంటనే ఇంకో భయం పట్టుకుంది. "నేను చేసిన తీగలతో పిల్లలు ఆడుకుంటున్నారు సార్..."

"వస్తువులు ముట్టుకుంటే రాదమ్మా. ఇంట్లోవాళ్లను మాత్రం ఒకసారి తీసుకురండి, చూస్తాను."

ఇంట్లో ఉన్నది అమ్మే. అమ్మకూ దూది పరీక్ష చేశారు. కాయలు కాసిన ఆ చేతుల మీద ఎక్కడ తాకించినా "ఆఁ, ఇక్కడే" అని టక్కున చూపించింది. అంత మొద్దుబారిన చేతులకు అంత బాగా ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను. కానీ అడగలేదు.

మాత్రలు మొదలయ్యాయి. వాటి వల్ల మూత్రం ఎర్రగా వచ్చేది, ముఖం నల్లబడింది. "ఎండలో తిరగతా ఉండావా?" అని పక్కింటి అక్క అడిగితే అవునన్నాను. మూడో నెలలో మచ్చ ఎర్రగా ఉబ్బింది. మోచేతి నుంచి చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి. నాలుగు రోజులు పళ్లు బిగించి ఊరుకున్నాను. అమ్మ కూతుర్ని కదా, నొప్పి అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఐదో రోజు చెంబు చేతిలోంచి జారి పడింది. చివరి రెండు వేళ్లూ ముడుచుకుపోయి తెరుచుకోలేదు.

ఆస్పత్రికని ఎక్కిన విరుదునగర్ బస్సులో అమ్మ నా చేతిని ఒళ్లో పెట్టుకుంది.

"ఇంత నొప్పి ఉంటే సెప్పకూడదా?"

"నువ్వెప్పుడన్నా సెప్పినావా అమ్మా? నీకు నొప్పే లేదు కదా."

అమ్మ కిటికీ వైపు తిరిగింది. సాత్తూరు దాటాక నా వైపు తిరిగింది.

"ఎవరు సెప్పినారు లేదని? దినామూ కాలతానే ఉండె. ఏడిస్తే పనిలోనుంచి నిలిపేస్తారని అక్కడ సెప్పలేదు. నువ్వు బయపడతావని ఇంట్లో సెప్పలేదు. అంతే పాపా."

నాకు ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత బస్సులో అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

"నాలుగు రోజులు ఎందుకు ఆగారు? ఇది రియాక్షన్, మాత్రల వల్ల కాదు, జబ్బు మీద ఒళ్లు తిరగబడటం. నరం వాచింది. నొప్పి మొదలైన రోజే రావాలి," అని డాక్టరుగారు కేకలేశారు. మాత్రలు ఆపొద్దన్నారు. స్టెరాయిడ్ ఇచ్చి, చెయ్యి కదలకుండా స్ప్లింట్ కట్టారు. వారాలు గడిచాయి. రోజూ పొద్దున లేవగానే వేళ్ల వైపు చూడాలంటే భయమేసేది. ఉంగరపు వేలు మెల్లగా తెరుచుకుంది. చిటికెన వేలు సగం వరకే వచ్చింది.

కోర్సు ముగిసింది. ఆ వేలికి స్పర్శ మాత్రం రాలేదు. కుండీని చెక్క క్లిప్పులో బిగించి పనిచేస్తున్నాను. ఒక్కో తీగకు మునుపటి కన్నా రెట్టింపు సమయం పడుతుంది. టీచరమ్మ తొందరపెట్టరు.

నేను చెప్పేది ఒక్కటే. కాలిన చోట నొప్పి లేకపోతే సంతోషించకండి, ఆ రోజే ఆస్పత్రిలో చూపించండి. నాలాగా స్పర్శ పోయినవాళ్లు రోజూ సాయంత్రం వెలుతురులో చేతులు తిప్పి తిప్పి చూసుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరం చూసుకుంటాం. మొన్న దోసె పెనం తగిలి అమ్మ "అబ్బా, కాలిందే!" అని వీధంతా వినపడేలా అరిచింది. పరుగెత్తుకెళ్లి చన్నీళ్లు పోశాను. చిన్న మచ్చే. అయినా అమ్మ చాలాసేపు ఆ చేతిని నా చేతిలోనే ఉంచింది.