అరంగుళం దిగిన భుజం

ఆమెను వీధిలో అందరూ కొలతలమ్మ అనే పిలుస్తారు. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే దుకాణంలో పదహారేళ్ళుగా కొలతలు తీసే పని ఆమెది. బళ్ళు తెరిచే నెలలో రోజుకు వందమంది పిల్లలు ఆమె ముందు నిలబడి పోతారు. పిల్ల గుమ్మంలోకి అడుగు పెట్టగానే "ఛాతీ ఇరవై నాలుగు, భుజం పదిన్నర" అనేస్తుంది. తర్వాత టేపు పెట్టి చూస్తే అంతే ఉంటుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళని మనం విన్నాం. ఈమె ఆవలించేదాకా కూడా ఆగదు.

అలాంటి మనిషి కన్నకూతురి భుజం దగ్గర పొరపాటు పడింది.

కొలతలమ్మ మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాళ్ళ కంపెనీ ఏ బుద్ధి పుట్టిందో ఏమో, పనివాళ్ళందరినీ తల్లితో, పెళ్ళాం పిల్లలతో సహా నాలుగు రోజులు ఓడ మీద తిప్పుతామంది. ముందుగా ఇంటింటికీ ఓడ బొమ్మల పుస్తకం ఒకటి పంపింది. అందులో ఆరో పేజీ చించి, తొమ్మిదేళ్ళ పెద్దపిల్ల బీరువా తలుపు లోపల అతికించుకుంది. ఓడ పైఅంతస్తులో పిల్లలు ఎక్కే తాళ్ళ వల బొమ్మ అది. వల చివర ఇత్తడి గంట వేలాడుతోంది.

"పైదాకా ఎక్కినవాళ్ళు ఆ గంట కొట్టొచ్చంటమ్మా," అంది మేజోళ్ళు తీసుకుంటూ.

ఆ పిల్ల పుట్టాక నోరు తెరిచి అడిగింది అదొక్కటే. పెట్టింది తింటుంది, ఇచ్చింది తొడుక్కుంటుంది. బడి నుంచి వస్తూనే సంచి ఒక మూల పెట్టి, నాలుగేళ్ళ తమ్ముణ్ణి ఎడం చంకన వేసుకుంటుంది. వాడి పేరు ఇంట్లో బుడంకాయ. పదకొండో నెలలోనే నడక వచ్చింది గానీ, అక్క ఇంట్లో ఉన్నంతసేపు వాడి పాదాలకు మట్టి అంటదు.

"ఎక్కుతావు, గంట కొడతావు. నాది పూచీ," అంది కొలతలమ్మ.

ప్రయాణానికి కొత్త గౌను కుడదామని పిల్లను నిలబెట్టి టేపు పెట్టింది. ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంది. పిల్ల వంగి నిలబడిందేమోనని వీపు తట్టి మళ్ళీ కొలిచింది. అరంగుళమే. ఆ అరంగుళం కొలతలమ్మకు కొత్తది కాదు. దుకాణంలో నిలువుటద్దం ముందు రోజూ తనకు కనబడేదే. ఐదుగురిలో పెద్దది ఆమె. ఒకడు దిగితే ఇంకొకతి, ఆమె దిగితే మరొకడు, ఏళ్ళ తరబడి ఆ ఎడం చంక ఖాళీగా ఉన్నది లేదు.

కానీ కుట్టుపనివాళ్ళకు ఒక జబ్బుంది. మనిషిలో తేడా కనబడితే గుడ్డతో సర్దేస్తారు. గౌను ఎడమ భుజం లోపల నాలుగు మడతల గుడ్డ పెట్టి కుట్టింది. తొడిగి చూస్తే భుజాలు రెండూ తూచినట్టు సమానంగా ఉన్నాయి. "బంగారంలా కుదిరింది," అని దారం కొరికేసి, ఆ సంగతి అంతటితో మరిచిపోయింది.

ఓడ ఎక్కగానే పిల్లల క్లబ్బు వాళ్ళు కాగితం ఒకటి ఇచ్చారు. క్లబ్బంటే పెద్ద గది. మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా అందరూ అందులోనే. అందరూ ఒక ఇంటి పిల్లల్లా కలిసిమెలిసి ఆడుకుంటారని గోడ మీద రాసి ఉంది. సాయంత్రాలు మాత్రం ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళను వల ఎక్కడానికి పైకి తీసుకుపోతారు. కాగితం మీద "తోబుట్టువులను కలిపి ఉంచాలా?" అని ఒక గడి కనబడింది. ముక్కూ మొహం తెలియని పిల్లల మధ్య బుడంకాయ ఎలా ఉంటాడన్న భయంతో కొలతలమ్మ కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఒక తాను గుడ్డ విడదీస్తే రంగు తేడా వస్తుందని పదహారేళ్ళుగా అందరికీ చెప్పే మనిషాయె! ఠక్కున టిక్కు పెట్టేసింది.

మొదటిరోజు డెక్కు మీద కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. అలా కూర్చోవడం ఎన్నేళ్ళకో! పక్క కుర్చీలో పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ కంపెనీ ఆసుపత్రిలో పనిచేస్తుంది.

"మావాడికి పన్నెండేళ్ళండీ. పొద్దున్నుంచీ చిలకమ్మ పాటకు చప్పట్లు కొట్టిస్తున్నారట. మళ్ళీ వెళ్ళనని మొండికేశాడు," అంది డాక్టరమ్మ.

"పాట మాట సరే, మీవాడు విసిరిన బంతి మా మనవరాలి మొహాన తగిలింది," అంది వెనక కుర్చీలోంచి ఒక ముసలావిడ. "మూడేళ్ళదండీ అది! పెద్దపిల్లల కాళ్ళ కింద కోడిపిల్లలా తిరుగుతోంది. ఇద్దరే టీచర్లు, ముప్పైమంది పిల్లలు. ఎవరు చూస్తారు?"

"మా ఇద్దర్నీ కలిపి పెట్టమన్నా. నాకు ఆ బెంగ లేదు," అంది కొలతలమ్మ, కాస్త గొప్పగానే.

ఆ సాయంత్రం పిల్లలు గదికి వచ్చారు. పెద్దపిల్ల గౌను మీద మెరిసే చుక్కల బిళ్ళ అతికించి ఉంది.

"వల ఎక్కావా?" అడిగింది తల్లి.

"రేపు ఎక్కుతానమ్మా. ఇవాళ తమ్ముడికి నిద్ర వచ్చింది."

కొలతలమ్మ ఊరుకుంది. ఊరుకుంది గానీ, ఊరుకుంటే ఆమె కొలతలమ్మ ఎలా అవుతుంది? మర్నాడు పెద్దపిల్లలు పైకి వెళ్ళే వేళకు మెల్లగా క్లబ్బు తలుపు దగ్గరికి పోయి, గుండ్రటి అద్దంలోంచి తొంగి చూసింది.

లోపల సంత. బంతులు ఎగురుతున్నాయి, ఎవరో ఏడుస్తున్నారు, పచ్చ చొక్కా టీచరమ్మ గొంతు పోయి సైగలతో నెట్టుకొస్తోంది. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళు వరస కట్టి మెట్లవైపు వెళ్ళిపోతున్నారు. కొలతలమ్మ కూతురు మాత్రం గోడ మూలన నిలబడి ఉంది. ఎడం చంకన బుడంకాయ. కుడిచేత్తో ఎవరిదో మూడేళ్ళ పిల్ల ముక్కు తుడుస్తోంది. గౌను పట్టుకుని ఇంకొకడు వేలాడుతున్నాడు. వెళ్ళిపోతున్న వరసను చివరి పిల్ల కనుమరుగయ్యేదాకా చూసి, తల తిప్పుకుంది.

తలుపు తెరుచుకుని టీచరమ్మ బయటికి వచ్చింది. "మీరు ఈ పాప అమ్మగారా? ఎంత బుద్ధిమంతురాలండీ! ముగ్గురిని తనే చూసుకుంటోంది. మాకు సగం పని తగ్గింది. చిట్టితల్లి అని రోజుకో బిళ్ళ ఇస్తున్నాం," అంది బొంగురు గొంతుతో.

బుద్ధిమంతురాలు! చిన్నప్పుడు కొలతలమ్మ ఈ మాట ఎన్నిసార్లు విందో లెక్కలేదు. పక్కింటివాళ్ళు అన్నారు, మేనత్తలు అన్నారు, బడిలో పంతులమ్మ అంది. తోటిపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే చంకన తమ్ముడితో గట్టు మీద కూర్చుని చూసినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మాట అనేవాళ్ళు. ఆ మాట కడుపు నింపేది. కాబట్టే ఇంకో ఆట పోయేది.

ముక్కూ మొహం తెలియని పిల్లలంటూ లోకంలోని భయాలన్నీ వెతికింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అసలు సంగతి కూతురి భుజం మీద ఉంటే, నాలుగు మడతల గుడ్డ పెట్టి కప్పిపుచ్చింది తనే. గడిలో టిక్కు పెట్టి వల దూరం చేసింది కూడా తనే.

"ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా. టిక్కు కొట్టేయాలి," అంది.

"రేపు పొద్దున్న మార్చుకోవచ్చండీ. కానీ అక్క పక్కన లేకపోతే బాబు ఏడుస్తాడేమో…"

"ఏడుస్తాడు. కన్నదాన్ని నేనుండగా అది ఎందుకు ఓదార్చాలి? ఇంకో మాట. నాలుగేళ్ళవాడి చొక్కా పన్నెండేళ్ళవాడికి తొడుగుతారా?"

"తొడగమండీ."

"మరి గది ఒక్కటే ఎలా తొడిగారు?"

టీచరమ్మకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. "మేమూ అడిగామండీ. మా మాట వినరు. మీలాంటివాళ్ళు అడిగితే వింటారు."

ఇంకేం! కొలతలమ్మ డెక్కు మీదికి పోయి పళ్ళ డాక్టరమ్మను లేపింది, ముసలావిడను లేపింది. దారిలో కనబడిన నలుగురు తల్లుల్నీ ఒక తండ్రినీ వెంటేసుకుంది. క్లబ్బు పెద్దాయన ముందు అందరూ ఒక్కసారే మాట్లాడితే ఆయన బిత్తరపోయాడు. చివరికి గది మధ్యలో బెంచీలు అడ్డం పెట్టించి, ఆరేళ్ళ లోపు వాళ్ళను ఒకవైపు, మిగతావాళ్ళను ఇంకోవైపు ఉంచడానికీ, ఇంకో ఇద్దరు మనుషుల్ని ఇవ్వడానికీ ఒప్పుకున్నాడు. చిలకమ్మ పాట బెంచీలకు అవతల పాడుకోమని డాక్టరమ్మ తీర్మానించింది.

గదికి వచ్చి కొలతలమ్మ మొగుణ్ణీ అత్తగారినీ కూర్చోబెట్టింది. "రేపటి నుంచి అది వాణ్ణి ఎత్తదు. సాయంత్రాలు నేనొక పూట, మీరొక పూట, అత్తయ్యా నువ్వొక పూట."

మొగుడు దుప్పటిలోంచి తల బయటపెట్టాడు. "నేనా? నాలుగు రోజులు నిద్రపోదామని వచ్చాను కదే!"

"ఎవరో లిఫ్టులో ఇరుక్కుంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుతారు. మీ కూతురు నాలుగేళ్ళుగా ఇరుక్కుంది."

ఆయన తల మళ్ళీ దుప్పటిలోకి పోలేదు.

అత్తగారు మూతి తిప్పింది. "ఏం చోద్యమే! ఆడపిల్ల తమ్ముణ్ణి ఎత్తుకుంటే అరిగిపోతుందా? నేను ఎత్తలేదా? నువ్వు ఎత్తలేదా?"

"ఎత్తాం అత్తయ్యా. చిన్నప్పుడు నువ్వేం ఆట ఆడావో ఒక్కటి చెప్పు."

అత్తగారు చెప్పబోయింది. నోరు తెరిచింది. ఎంత వెతికినా ఒక్క ఆటా దొరకలేదు. "వాడికి నేను బిస్కట్లు పెడతాలే," అంది చివరికి, గొంతు మార్చి.

అసలు చిక్కు పెద్దపిల్లతోనే వచ్చింది. విషయం వినగానే బిళ్ళల మీద చెయ్యి పెట్టుకుంది. "నేను తమ్ముణ్ణి చూడకపోతే నాకు చిట్టితల్లి బిళ్ళ ఇవ్వరమ్మా."

ఆ బిళ్ళ రుచి కొలతలమ్మకు తెలుసు. దాన్ని లాక్కోవడం అంటే మాటలా?

"ఇవ్వరు. అయినా ఎక్కాలి," అంది. "గౌను విప్పి ఇటివ్వు."

కత్తెర ఓడ ఎక్కేటప్పుడే కాపలావాళ్ళు తీసేసుకున్నారు. పంటితోనే ఎడమ భుజం కుట్లు ఒక్కొక్కటీ తెంపి, నాలుగు మడతల గుడ్డ బయటికి లాగింది. గౌను మళ్ళీ తొడిగితే ఎడమ భుజం కిందికి జారింది. జారనీ. ఇక దాచేది లేదు.

మూడోరోజు సాయంత్రం పైఅంతస్తులో గాలి చొక్కాలు లాగేస్తోంది. అంతా వల కింద నిలబడ్డారు. పెద్దపిల్ల నడుముకు పట్టీ కట్టారు. మొదటి తాడు మీద కాలు పెట్టింది. రెండో తాడు. మూడో తాడు మీద ఎడమ చెయ్యి దానంతటదే వంగి, చంకన ఎవరో ఉన్నట్టు ఒంటికి అంటుకుపోయింది. ఒక్క చేత్తోనే వల పట్టుకుని ఊగుతోంది.

"రెండు చేతులూ! రెండు చేతులూ పెట్టు!" అని అరిచాడు తండ్రి, చెప్పులు లేని కాళ్ళతో వల కిందికి పరిగెత్తి.

పిల్ల ఎడమ చెయ్యి చాపింది. సగం దాకా ఎక్కింది. అప్పుడు కింద నాయనమ్మ చేతుల్లో బుడంకాయ బిస్కట్టు పారేసి, కొండంత రాగం తీశాడు. "అక్కా! అక్కా ఎత్తుకో!"

పిల్ల ఆగిపోయింది. కిందికి చూసింది. ఒక కాలు కింది తాడు కోసం వెతుక్కుంది. అత్తగారు కోడలి మొహం చూసింది. కొలతలమ్మ పెదవి బిగపట్టి నిలబడింది. ఎక్కమని తను చెబితే అదీ తను మోపిన బరువే అవుతుంది. పిల్లే తేల్చుకోవాలి.

గాలిలో ఆ కాలు కాసేపు ఊగింది. తర్వాత పైతాడు మీదికే వెళ్ళింది.

"ఏడవనీ నాయనమ్మా!" అని పైనుంచి గట్టిగా వినబడింది. "వాడు ఏడుపు ఆపేస్తాడులే! నేను వస్తా, గంట కొట్టి వస్తా!"

ఆ పిల్ల అంత గట్టిగా అరవగా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఇంకా నాలుగు తాళ్ళున్నాయి. అవి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. గంట మోగింది. ఒకసారి కాదు, పట్టీ పట్టుకున్నవాళ్ళు ఇక చాలమ్మా అనేదాకా మోగింది.

కొలతలమ్మ ఏడుస్తున్న బుడంకాయను అత్తగారి దగ్గర్నుంచి అందుకుంది. అలవాటుగా ఎడం చంకకు పోబోయినవాణ్ణి ఆపి, కుడి చంకన వేసుకుంది.

"అక్క దిగిందా?" అన్నాడు వాడు ముక్కు ఎగబీలుస్తూ.

కొలతలమ్మ తలెత్తి చూసింది. దిగిన పిల్ల వీళ్ళవైపు రాలేదు. మళ్ళీ ఎక్కడానికి వరస చివర నిలబడింది.

"దిగిందిరా. మళ్ళీ ఎక్కుతుందట," అని వాణ్ణి కింద దించి, వేలు పట్టుకుంది. "మనం నడుద్దాం పద."