ముందద్దం మీద మబ్బు మచ్చ

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అత్తవారి తరఫు చుట్టాలు కూడా మరకలాయన అనే అంటారు. పెట్రోలు బంకు వెనక ఒక రేకుల షెడ్డు, రెండు నీళ్ళ పంపులు, ఒక పాలిష్ మిషను, తీగ మీద ఆరేసిన నానారకాల గుడ్డలు, ఆయన ఆస్తి మొత్తం అదే. కానీ కారు మీద పడిన మొండి మరక ఏదైనా సరే, అందరూ చేతులెత్తేశాక చివరికి చేరేది ఆ షెడ్డుకే. తారు, చెట్టు జిగురు, పక్షి రెట్ట, ఉప్పునీటి చుక్కలు, ఎవడో కడుపుమంటతో చల్లిపోయిన రంగు, అన్నీ ఆయన చేతిలో పడితే వదలాల్సిందే.

మనిషి బంగారం. ఉన్న జబ్బల్లా ఒకటే, తప్పు తనదని ఆయన నోట రాదు. ఆ మాటకొస్తే ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ అంతే. కారు తీసుకెళ్ళేటప్పుడు ఎవరైనా "ఈ గీత ఏంటి?" అని అడిగితే "ముందే ఉంది సార్" అనే జవాబు నాలుక చివర రెడీగా ఉంటుంది. మరకలాయన ఇంకో మెట్టు పైకెక్కి దానికొక పద్ధతి పెట్టాడు. బండి షెడ్డులోకి రాగానే దాని సొంతదారుని వెంటబెట్టుకుని చుట్టూ తిరుగుతాడు. ఉన్న గీతలూ సొట్టలూ ఒక అట్టకార్డు మీద రాసి కింద సంతకం పెట్టించుకుంటాడు. కార్డు పైన లావుపాటి అక్షరాలతో 'ముందే ఉన్న లోపాలు' అని అచ్చు వేయించాడు. కార్డులో లేని గీత తర్వాత బయటపడితే "అరరే, రాయడం మర్చిపోయామండీ" అంటాడు. ఇంక ఆయనతో ఏం వాదిస్తాం!

ఆయనకి ఒక్కగానొక్క కూతురు. రెండేళ్ళ కిందట తన జీతంతో తనే నీలం రంగు కారు కొనుక్కుంది. కొని మూడు వారాలైనా కాకముందే ఆఫీసు దగ్గర మొక్కలకి నీళ్ళు చిమ్మే గొట్టం పక్కన ఆపిందట, ముందద్దం నిండా తెల్లటి చుక్కలు కట్టాయి. ఎంత తుడిచినా పోలేదు. వేరే ఎవరి దగ్గరికి వెళ్తుంది? తండ్రి దగ్గరికే తెచ్చింది.

అలాంటి చుక్కలకి అద్దాల యాసిడ్ వాడతారు. దానికో లెక్కుంది. నీడలో పెట్టాలి, అద్దం చల్లగా ఉండాలి, చెయ్యంత మేర పూసి, నాలుగు సార్లు రుద్ది, వెంటనే నీళ్ళతో కడిగెయ్యాలి. అద్దం మీద ఆరనిస్తే అది మరకనే కాదు, అద్దాన్నే తినేస్తుంది. ఈ సంగతి మరకలాయన ఎంతమందికి చెప్పాడో! అలాంటి మనిషి ఆ రోజు సంబరంలో కారుని నడి ఎండలో పెట్టి, అద్దం మీద యాసిడ్ పూసి, గుడ్డ చేత్తో పట్టుకుని పక్క కొట్టు టైర్లాయన వైపు తిరిగాడు.

"చూశావా బావా? సొంత జీతం! ఒక్క పైసా నన్నడగలేదు. రంగు కూడా తనే ఎంచుకుంది."

టైర్లాయన ఊరుకుంటాడా? "నీ కూతురేనా అసలు? ఇంత తెలివి ఎక్కణ్ణుంచొచ్చింది?" అన్నాడు. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. ఆ కబుర్లలో ఆయన చేతిలో గుడ్డ ఆరింది, అద్దం మీద యాసిడ్ కూడా ఆరింది. కడిగి చూసేసరికి సరిగ్గా డ్రైవరు కళ్ళకెదురుగా, అరచేయంత మచ్చ. అద్దంలో చిన్న మబ్బుతునక ఇరుక్కున్నట్టు ఉంది.

కూతురు వచ్చి చూసింది. "నాన్నా, ఇక్కడ మసకగా ఉందేంటి?"

"అదా... అది ముందే ఉందమ్మా."

అమ్మాయి ముందు నవ్వింది. నాన్న వేళాకోళం ఆడుతున్నాడనుకుంది పాపం. తర్వాత ఆయన మొహం చూసింది. ఆయన చూపు తిప్పుకుని పంపు కట్టేస్తున్నాడు.

"నాతో కూడానా నాన్నా?"

అప్పుడైనా తప్పు నాదేనని అనొచ్చు కదా! అనలేదు. "ఈమధ్య అన్నీ నాసిరకం అద్దాలే వేస్తున్నారు. కంపెనీ వాళ్ళనడుగు" అన్నాడు. ఆ పిల్ల తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. అదే ఊళ్ళో, అరగంట దూరంలో ఉన్న తన గదిలో ఉంటూ, రెండేళ్ళు తండ్రి మొహం చూడలేదు.

తల్లితో మాత్రం రోజూ మాట్లాడేది. ఇంట్లో ఫోను మోగితే మరకలాయన తడిచేతులతోనే పరిగెత్తి ఎత్తేవాడు. అవతల్నుంచి "అమ్మ ఉందా?" అని వినబడేది. అంతే. ఆ రెండు మాటల కోసమే ఆయన అన్నం ముందునుంచి కూడా లేచి వెళ్ళేవాడు. ఆయన షెడ్డులో ఉన్నప్పుడు చూసుకుని అమ్మాయి ఇంటికొచ్చి వెళ్ళేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటగదిలో కడిగి బోర్లించిన రెండో కప్పు కనబడేది. దాన్ని చూసి భార్యని అడిగేవాడు.

"నా గురించి ఏమైనా అడిగిందా?"

"అడగలేదు."

"చిక్కిందా?"

"ఏమండీ, మీకంత బెంగగా ఉంటే వెళ్ళి ఒక్క ముక్క అనొచ్చు కదా. తప్పు నాదే అంటే మీ మీసాలేమైనా ఊడిపోతాయా?" అనేది భార్య.

"అనడం దేనికి? కారు తెస్తే బాగుచేసి చూపిస్తా."

ఆయన పట్టు అది. నోటితో చెప్పకుండా చేత్తో సరిచేసేయాలని. పాత సామాన్లవాడి దగ్గర పనికిరాని ముందద్దాలు తెచ్చి, వాటి మీద కావాలని యాసిడ్ ఆరబెట్టి, ఆ మచ్చని తీయడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. గులాబీ రంగు పొడి ఒకటి ఉంటుంది. దాన్ని నీళ్ళతో ముద్దలా కలిపి మెత్తటి బిళ్ళతో గంటల తరబడి రుద్దాలి. వేడెక్కితే అద్దం పగులుతుంది, తడారితే గీతలు పడతాయి, ఒకేచోట ఎక్కువ రుద్దితే గుంటపడి రోడ్డు వంకరగా కనిపిస్తుంది. పదకొండు అద్దాలు పగలగొట్టాడు. పన్నెండోది నిలిచింది. అప్పటికి చుట్టుపక్కల ఎవరికీ రాని విద్య ఆయన చేతికొచ్చేసింది, ఎక్కడెక్కడి కార్లూ వచ్చి వరసకట్టేవి. ఆయన మాత్రం గేటు దగ్గర నీలం రంగు కనబడితే చాలు, చేతిలో పని వదిలేసి చూసేవాడు. ఎన్ని నీలం కార్లుంటాయండీ లోకంలో! ఒక్కటీ ఆ పిల్లది కాదు.

చివరికి ఒక మధ్యాహ్నం ఆ కారే వచ్చింది.

మరకలాయన చేతిలో పని వదిలేసి ఎదురెళ్ళాడు. కూతురు దిగింది. జుట్టు కత్తిరించుకుంది, మనిషి కాస్త చిక్కింది. "మా పక్కన ఇల్లు కడుతున్నారు. బానెట్ మీద సిమెంటు నీళ్ళు కారి గడ్డకట్టాయి" అంది. నాన్నా అనలేదు. గోడతో చెప్పినట్టు చెప్పింది.

"చూద్దాం... చూద్దాం. కూర్చో తల్లీ. నీళ్ళు తాగుతావా?"

"కార్డు రాయరా?"

రాయరా అట! 'మీరు' అనేసింది కన్నతండ్రిని. టైర్లాయన తన కొట్టు గుమ్మంలోంచి అది విని, టైరు మానేసి ఇటే చూస్తూ నిలబడ్డాడు. మరకలాయన కార్డు తీసి ఆమె వెనకే కారు చుట్టూ తిరిగాడు. ఎడమ తలుపు మీద గీత, రాశాడు. వెనక బంపరుకి సొట్ట, రాశాడు. ముందుకొచ్చేసరికి పెన్ను ఆగింది. అద్దం మీద ఆ మబ్బు మచ్చ అలాగే ఉంది.

"ముందు సిమెంటు సంగతి చూస్తాను" అని కార్డు స్టూలు మీద పెట్టేశాడు.

సిమెంటుని గీకితే రంగు లేచిపోతుంది. నీడలోకి తెచ్చి, గుడ్డని వెనిగర్‌లో తడిపి, ఒక్కో గడ్డ మీద కప్పి, అది మెత్తబడేదాకా కూర్చోవాలి. తుడిచి, కడిగి, మళ్ళీ కప్పాలి. రెండు గంటలు పట్టింది. కూతురు ప్లాస్టిక్ కుర్చీలో ఫోను చూసుకుంటూ కూర్చుంది. ఆయన వంగి పని చేస్తున్నాడే గానీ, ప్రాణమంతా ఆ కుర్చీ వైపే ఉంది. రెండేళ్ళ తర్వాత పిల్ల ఆరడుగుల దూరంలో ఉంది, అడగాలంటే నూరు మాటలున్నాయి. సిమెంటు ఇంకాసేపు వదలకుండా ఉంటే బాగుండునని, జీవితంలో మొదటిసారి ఒక మరకని బతిమాలుకున్నాడు. అదేమో చక్కగా వదిలిపోయింది.

బానెట్ తళతళలాడుతోంది. ఇప్పుడు గులాబీ పొడి డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "అద్దం కూడా చూస్తానమ్మా. ఇప్పుడు నాకు వచ్చు. సాయంత్రానికి మచ్చన్నదే లేకుండా చేస్తాను."

"అద్దం ముట్టుకోవద్దు."

"అది కాదమ్మా, రెండేళ్ళుగా నేను..."

కూతురు లేచి స్టూలు మీద కార్డు తీసింది. "ఇందులో అద్దం లేదే. రాయండి. ముందే ఉంది కదా?"

మరకలాయన డబ్బా కింద పెట్టాడు. పెన్ను తీశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎంతమంది చేత ఆ కార్డు మీద సంతకం పెట్టించాడో, తను మాత్రం ఒక్కసారీ పెట్టలేదు. అచ్చులో ఉన్న పై వరసని అడ్డంగా కొట్టేశాడు. 'ముందద్దం మీద మచ్చ నేను చేసింది. ఎండలో యాసిడ్ ఆరనిచ్చాను' అని రాశాడు. కింద సంతకం పెట్టాడు. రాసి ఇస్తే సరిపోదని ఆయనకే తెలిసినట్టుంది, తలెత్తాడు.

"తప్పు నాదే తల్లీ. ఆ రోజే తెలుసు. నీ దగ్గర చిన్నబోతానని అబద్ధమాడాను. నువ్వు లేక నేను ఎట్లా ఉన్నానో మీ అమ్మనడుగు."

కూతురు కార్డు చదివింది. మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. డ్రైవరు వైపు తలుపు తీసి "ఎక్కు నాన్నా" అంది.

ఆయన ఎక్కి కూర్చున్నాడు. ఆమె అటువైపు నుంచి వచ్చి పక్కన కూర్చుంది. పొద్దు వాలుతోంది. ఎండ ఏటవాలుగా అద్దం మీద పడి మచ్చంతా భగ్గున తెల్లబడింది. ఎదురుగా గేటు లేదు, రోడ్డు లేదు, ఏమీ లేదు. ఆయన తల పక్కకి వంచి చూశాడు, అప్పుడు కొంచెం కనబడింది. బయటి నుంచే చూశాడు గానీ, ఆ సీట్లో కూర్చుని చూడాలని ఆయనకి ఏనాడూ తోచలేదు.

"ఇట్లాగే తోలుతున్నావా రెండేళ్ళూ?"

"ఎండ నెత్తిమీద ఉన్నప్పుడే తీస్తాను. పొద్దునా సాయంత్రం బస్సే."

ఆయనకి కళ్ళు నిండిపోయాయి. కోపం కూడా వచ్చింది, తన మీదో ఆమె మీదో తెలియలేదు. "ఏం పిల్లవే నువ్వు! నా మీద కోపమైతే మాత్రం ప్రాణం మీదకి తెచ్చుకుంటారా? వేరే షాపులు లేవా ఊళ్ళో? కొత్త అద్దం వేయించుకోవాల్సింది!"

"వేయిద్దామని రెండుసార్లు వెళ్ళాను. షాపు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను." ఆమె మచ్చ వైపే చూస్తోంది. "అద్దం మార్చేస్తే, ఇంక నీ దగ్గరికి రావడానికి నాకు ఏం పని ఉంటుంది నాన్నా?"