కడిగేసిన రీడింగ్

మొన్న వంటింట్లో కొత్త రేకు డబ్బా మూత తీయగానే పలచని నూనె వాసన వచ్చింది. అక్కడే పీట మీద కూలబడ్డాను. ఎనభైల మొదట్లో ఉత్తరాదిన గోల్‌మురిలో ఒక రేకుల కార్ఖానా ల్యాబ్‌లో నాకు పని నేర్పిన కూర్మారావు గారి చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేసేవి. రేకుకి ఎంత నూనె పట్టిందో చూడడం మా పని. రేకు కడిగిన ద్రావకం తొట్టిలోని నీళ్ళ మీద వేస్తే నూనె పొరగా పరుచుకుని తొట్టికి బిగించిన కొలత సూదిని తోస్తుంది. వేలి జిడ్డు తగిలినా సూది ఎగిరిపడేది. "తేడాగా వచ్చిన మొదటి రీడింగ్ నమ్మకు. అది నీ ఏలి మురికి. కడిగీసి మళ్ళీ సూడు," అని మొదటి రోజే చెప్పారు. ఆ మాట నాకు బాగానే ఒంటబట్టింది.

ఆయన భార్య పైడమ్మ గారు అక్కడికి దగ్గర్లో బారిడీహ్‌లోని తమ క్వార్టర్లో నాకు ఎన్నోసార్లు అన్నం పెట్టిన మనిషి. ఆవిడకి రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. ఎర్రటి మందు ఎక్కిస్తున్నారు. ప్రతి కణం చుట్టూ కొవ్వు పొర ఉంటుందనీ, మందు దాన్ని దాటి లోపలికి పోవాలనీ, అది గుండెకి చేటు చేయొచ్చు గనుక దాని మీద మాత్రం ఓ కన్నేసి ఉంచాలనీ డాక్టరు చెప్పాడట.

"పొరంటే మన పనే కదేటి," అన్నారు కూర్మారావు గారు.

ఒక ఆదివారం గుడ్డు సొన నుంచీ, మేక గుండె నుంచీ స్పిరిట్‌తో తీసిన కొవ్వు రెండు సీసాల్లో ల్యాబ్‌కి తెచ్చారు. నర్సుని బతిమాలి, వాడేసిన మందు సీసా అడుగున మిగిలిన చుక్కలూ తెచ్చారు. గుడ్డు కొవ్వు మామూలు కణం పొరకి బదులు; రెండు పొరలూ ఒకేలా కదిలితే గుండెకి ప్రత్యేకంగా భయం లేదని ఆయన ఆశ. గుడ్డు కొవ్వు పొర కింద మందు కలిపితే సూది కదిలీ కదలనట్టు కదిలింది. గుండె కొవ్వు దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా పక్కకి పోయింది. ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఆ ముఖం చూడలేక, "వేలు తగిలిందేమో సార్," అన్నాను.

ఆయన సూది మీంచి చూపు తిప్పుకున్నారు. "అంతే అయ్యుంటది. కడిగీ."

కడిగేశాను. మళ్ళీ చూడడానికి మందు మిగల్లేదు. పుస్తకంలో రాయలేదు, డాక్టరుకి చెప్పలేదు. చెబితే మందు ఆపేవాడో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు. తర్వాతి వారం మళ్ళీ ఎక్కించారు.

"రెండు మెట్లెక్కితే ఆయాసం వత్తంది తమ్ముడూ. నీరసమే, మరేటీ కాదు," అన్నారు పైడమ్మ గారు కొన్నాళ్ళకి. ఆ ఏడు వానలు వెళ్ళకముందే ఆవిడ గుండె ఆగిపోయింది.

కర్మకాండ అయ్యాక కూర్మారావు గారు వచ్చి తొట్టి ముందు నిలబడ్డారు. "ఆ ఆదోరం నువ్వు సేతులు కడుక్కునే ముట్టుకున్నావు కదా?"

"కడుక్కున్నాను సార్."

"నాను సూసేను. సూసే, కడిగీమన్నాను."

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం బతికేవాణ్ణి. మళ్ళీ ఆయన ఆ తొట్టి ముట్టుకోలేదు.

ఇప్పుడు ఇంట్లో బీపీ చూసుకున్నా, మొదట వచ్చిన అంకె రాశాకే మళ్ళీ చూస్తాను. అది తప్పేమో కొట్టెయ్యమని మా ఆవిడ అంటుంది. కొట్టెయ్యను. ఆ ఆదివారం నాటి అంకె మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.